ముందు బస్సు ఇవ్వండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

మాన్యశ్రీ తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,



హైదరాబాద్ రోడ్ల మీద కార్ల వాడకం తగ్గించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పురపాలక శాఖ మీ దగ్గరే ఉంది. ఆర్టీసీ, మెట్రో, జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ, ట్రాఫిక్ పోలీసులు ఎవరి దారిలో వాళ్ళు పనిచేస్తున్న ఈ నగరంలో, వాళ్ళందరినీ ఒక మాట మీదికి తేగల అధికారం మీకే ఉంది. అందుకే ఈ విన్నపం నేరుగా మీకే చేసుకుంటున్నాను.

నేను చెప్పదలచిన మాట చిన్నది. కార్లు తగ్గాలంటే ముందు కారు లేకుండా బతికే వీలు జనానికి ఉండాలి. బస్సులు పెంచి, ఆ బస్సులకు రోడ్డు మీద దారి ఇచ్చి, బస్టాపు దాకా నడిచేందుకు ఫుట్‌పాత్ వేయండి. ఆ తర్వాత కారుకు ఏ హద్దు పెట్టినా జనం ఒప్పుకుంటారు. అవేవీ లేకుండా కారు వాడొద్దంటే ఎవరూ వినరు. వినాలని అడిగే హక్కు కూడా ప్రభుత్వానికి ఉండదు.

నగరంలో కారు కొనేవాళ్ళందరూ దర్పం కోసమే కొంటున్నారనుకోవడం పొరపాటు. తెల్లాపూర్‌లోనో, నల్లగండ్లలోనో, బాచుపల్లిలోనో ఇరవై ఏళ్ళ అప్పు మీద ఫ్లాట్ కొన్న కుటుంబాన్ని తీసుకోండి. ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకు నడిచి రావడానికి సరైన ఫుట్‌పాత్ ఉండదు. రోడ్డు మీదికి వచ్చాక బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటుండదు. మెట్రో అటువైపు రాదు. పిల్లల బడి ఒక దిక్కు, తల్లి ఆఫీసు ఒక దిక్కు, తండ్రి ఆఫీసు మరో దిక్కు. మొదట బండి కొంటారు. నాలా పొంగిన రోజున మోకాలి లోతు నీళ్ళలో ఆ బండి తోసుకుంటూ ఇల్లు చేరాక కారు కొంటారు. ఇంటి ఈఎంఐకి కారు ఈఎంఐ తోడవుతుంది. వేరే దారి లేక కొన్న కారు అది.

అలా రోడ్డెక్కిన ప్రతి కారూ బస్సు వేగాన్ని ఇంకొంచెం తగ్గిస్తుంది. బస్సు ఆలస్యమయ్యేసరికి అందులో వెళ్ళేవాళ్ళలో మరికొందరు బండో కారో కొంటారు. దాంతో బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. ఈ తిరుగుడు ఎక్కడో ఒకచోట ఆగాలి. దాన్ని ఆపడం ఏ ఒక్క కుటుంబం వల్లా కాదు, ప్రభుత్వం వల్లే అవుతుంది.

ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇన్నేళ్ళుగా దీనికి చూపిన మందు ఫ్లైఓవరే. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. తర్వాత వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి ప్రణాళిక (ఎస్‌ఆర్‌డీపీ) కింద వరసగా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టారు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. మీ హయాంలో 2025లో ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్, కొండాపూర్ ఫ్లైఓవర్ ప్రారంభమయ్యాయి. కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు జంక్షన్లలో స్టీల్ బ్రిడ్జిలు, అండర్‌పాస్‌ల కోసం 826 కోట్ల రూపాయలకు అనుమతులిచ్చారు. ఇన్ని కట్టినా సాయంత్రం ఏడింటికి బయోడైవర్సిటీ దగ్గర, పంజాగుట్టలో, కూకట్‌పల్లిలో బండ్లు కదలడం లేదు. ఒక చౌరస్తాలో ఆగే బండ్లు ఇప్పుడు తర్వాతి చౌరస్తాలో ఆగుతున్నాయి.

ఇందులో ఇంజినీర్ల తప్పేమీ లేదు. ప్రపంచంలో రోడ్లు వెడల్పు చేసిన చాలా నగరాలకు ఇదే అనుభవం. ఊటబావిని తోడేకొద్దీ నీళ్ళు ఊరినట్టే, రోడ్డు పెంచేకొద్దీ కార్లు వచ్చి చేరతాయి. గిల్ డురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. రోడ్ల పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతుందని అందులో తేల్చారు. మన తెలుగువాళ్ళు వేలాదిగా స్థిరపడిన టెక్సాస్‌లో, హ్యూస్టన్ నగరపు కేటీ ఫ్రీవేను 2008 నాటికి కొన్నిచోట్ల సర్వీసు రోడ్లతో కలిపి ఇరవై ఆరు లేన్ల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్ళకే అక్కడ మళ్ళీ ట్రాఫిక్ జామ్‌లు మొదలయ్యాయి. అంత నేలా, అంత డబ్బూ ఉన్న చోటే సాధ్యం కానిది అమీర్‌పేటలో ఎలా సాధ్యమవుతుంది?

రోడ్డు మీద ఎన్ని వాహనాలు పోతున్నాయన్న లెక్క పక్కనపెట్టి, ఎంతమంది మనుషులు పోతున్నారన్న లెక్క తీయించండి. ఒక సిటీ బస్సులో యాభై మంది వెళతారనుకుందాం. ఆ యాభై మందీ కారుకు ఇద్దరు చొప్పున బయల్దేరితే పాతిక కార్లు కావాలి. కారుకు కారు ఆనించి నిలబెట్టినా వంద మీటర్ల వరస అవుతుంది. బస్సు పన్నెండు మీటర్లు. ఐటీ కారిడార్‌లో పొద్దున పూట చాలా కార్లలో ఒక్కరే కనిపిస్తారు కాబట్టి అసలు తేడా ఇంతకన్నా ఎక్కువే. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా మనుషులను కదిలించడమే లక్ష్యంగా ఉండాలని, వాహనాలను కదిలించడం లక్ష్యం కాకూడదని చెప్పింది. ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది.

కరెంటు కార్లు వస్తే సమస్య తీరుతుందని కొందరంటారు. మీ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. పొగ తగ్గించడానికి అది మంచి నిర్ణయమే. అయితే కరెంటు కారు కూడా పెట్రోలు కారంత చోటే తీసుకుంటుంది, చౌరస్తాలో అంతసేపే ఆగుతుంది. ఇరుకుకు అది మందు కాదు. ఆ రాయితీ కన్నా ఎక్కువ శ్రద్ధ కరెంటు బస్సు మీద పెట్టాలి.

బస్సు ఈ నగరానికి కొత్తది కాదు. 1932లో నిజాం ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ ఇరవై ఏడు బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ప్రభుత్వమే బస్సులు నడపాలన్న ఆలోచనకు ఈ దేశంలో దారి చూపింది ఈ గడ్డే. ఆ వారసత్వం ఉన్న నగరంలో 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నష్టాల పేరుతో వందలాది సిటీ బస్సులు తీసేశారు. ఇప్పుడు ఉన్నవి సుమారు మూడు వేలు. లక్ష జనాభాకు అరవై బస్సులుంటే మంచి స్థాయి అని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం పెట్టింది. కోటి జనాభాకు ఆ లెక్కన ఆరు వేలు కావాలి. పొరుగున ఉన్న బెంగళూరులో ఆరు వేలకు పైగా నడుస్తున్నాయి. మనం సగం దగ్గర ఆగిపోయాం.

బస్సుకు జనం లేరన్న మాట ఇక ఎవరూ అనలేరు. 2023 డిసెంబరు 9న మీరు ప్రారంభించిన, ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం దానికి సాక్ష్యం. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు ఆ రోజు నుంచి బస్సులను నింపేశారు. అంతకుముందు వాళ్ళలో ఎంతోమంది షేర్ ఆటోల్లో ఇరుక్కుని వెళ్ళేవాళ్ళు, లేదా ఖర్చుకు భయపడి దూరపు ఉద్యోగాలు వదులుకునేవాళ్ళు. టికెట్టు ఉచితం చేశారు, సంతోషం. ఇప్పుడు ఎక్కడానికి చోటు కావాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణం చూసి కారున్నవాడెవడూ కారు దిగడు.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు రెండు వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. వీటితో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపల డీజిల్ బస్సులన్నిటినీ మార్చేయాలన్నది మీ ఆలోచన. ఇక్కడే నా మొదటి మనవి. పాత బస్సు తీసి కొత్త బస్సు పెడితే పొగ తగ్గుతుంది గానీ ప్రయాణికుడికి చోటు పెరగదు. ఇంకా నడవగలిగిన బస్సులను నడవనివ్వండి, కొత్తవి వాటికి అదనంగా చేర్చండి. మూడేళ్ళలో ఆరు వేల బస్సులు రోడ్డు మీద ఉంటాయని శాసనసభలో మాట ఇవ్వండి. కేబీఆర్ పార్కు జంక్షన్ల మీద పెట్టే డబ్బుతో పోల్చి చూస్తే ఈ ఖర్చు వల్ల బాగుపడేది ఎంతమందో అధికారులే మీకు చెబుతారు.

రెండో మనవి, బస్సుకు దారి ఇవ్వండి. ఎన్ని బస్సులు కొన్నా అవి కార్ల మధ్య ఇరుక్కుంటే ఫలితం లేదు. మెహిదీపట్నం నుంచి టోలిచౌకి మీదుగా గచ్చిబౌలి వెళ్ళే దారి చూడండి. ఆ దారిలో మెట్రో లేదు, బస్సులు ఎక్కువ, రోడ్డు చాలావరకు వెడల్పుగానే ఉంది. అక్కడ ఒక లేన్ పూర్తిగా బస్సులకు, అంబులెన్సులకు కేటాయించండి. విడదీసే దిమ్మెలు, కెమెరాలు, లోపలికి దూరిన వాహనానికి వెంటనే చలానా ఉంటే చాలు. దీనికి పిల్లర్లు అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ బస్సు దారి ఇప్పటికీ నడుస్తోంది. ఢిల్లీలో 2008లో వేసిన బస్సు దారిని 2016లో తీసేశారు. విజయవాడలో బస్సుల కోసం వేసిన దారికి బీఆర్‌టీఎస్ రోడ్డన్న పేరే మిగిలింది. బస్సు దారికి కాపలా లేకపోతే నాలుగు రోజుల్లో కార్లు ఆక్రమిస్తాయి. రాజకీయ అండ లేకపోతే అది నిలవదు. ఆ అండ మీరు ఇవ్వాలి.

మూడో మనవి నడిచేవాళ్ళ గురించి. ఏ బస్సు ప్రయాణమైనా, మెట్రో ప్రయాణమైనా నడకతోనే మొదలవుతుంది, నడకతోనే ముగుస్తుంది. 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ ఏడాది మొత్తం రోడ్డు మరణాల్లో దాదాపు ఐదో వంతు అది. 2019 నవంబరులో మన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు కిందికి పడి, రోడ్డు పక్కన నిలబడి ఉన్న మహిళ ప్రాణం తీసింది. సరైన ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టంగా చెప్పింది. మన నగరంలో మాత్రం సిగ్నళ్ళు ఎత్తేసి యూటర్న్‌లు పెట్టి, బండ్లు ఆగకుండా పోతున్నాయని సంతోషిస్తున్నాం. ఆగని ఆ బండ్ల మధ్య నుంచి ఒక ముసలాయన రోడ్డు ఎలా దాటాలి? కర్రతో వచ్చే మనిషిని, గర్భిణిని ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్లెక్కమనడం జవాబు కాదు. ప్రతి బస్టాపు దగ్గర నేల మీదే దాటే జీబ్రా క్రాసింగు, దానికి సిగ్నలు ఉండాలి. ఫుట్‌పాత్ వెంట చెట్లు నాటాలి. మన ఎండల్లో నీడ లేని ఫుట్‌పాత్ మీద ఎవరూ నడవరు.

నడకకు చోటిస్తే జనం వస్తారని మనకు తెలుసు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపినప్పుడు కుటుంబాలు పిల్లలతో సహా తరలివచ్చాయి. 2019లో చెన్నై టీ నగర్‌లోని పాండీ బజార్‌లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి, పార్కింగును క్రమబద్ధం చేశారు. తెలుగువాళ్ళు పెళ్ళి చీరల కోసం తరతరాలుగా వెళ్ళే ఆ బజార్‌లో ఇప్పుడు హాయిగా నడవవచ్చు. చార్మినార్ చుట్టూ పాదచారుల పథకం మొదలై రెండు దశాబ్దాలు దాటింది. అది పూర్తి చేయించి, తర్వాత కోఠి, సుల్తాన్‌బజార్, జనరల్ బజార్‌లకు వర్తింపజేయండి. సైకిల్ విషయం కూడా ఇలాంటిదే. ఓఆర్‌ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. వ్యాయామానికి అది బాగుంది. బడికి, పనికి వెళ్ళేవాళ్ళకు కావలసిన ట్రాక్ నగరం మధ్యలో, మెట్రో స్టేషన్ల చుట్టూ ఉండాలి.

మెట్రో గురించి ఒక మాట. 69 కిలోమీటర్ల మొదటి దశను ప్రభుత్వమే తీసుకోవాలని మీరు 2025లో నిర్ణయించారు. 76.4 కిలోమీటర్ల రెండో దశ కోసం 24,269 కోట్ల అంచనాతో కేంద్రానికి ప్రతిపాదన పంపారు. అది రావాలి. ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయిన మెట్రో పాతబస్తీకి వెళ్ళాలి. కానీ కొత్త లైను పూర్తయ్యేసరికి ఏళ్ళు గడుస్తాయి, ఈలోగా ఉన్న రైళ్ళకు మూడు కోచ్‌ల స్థానంలో ఆరు పెడితే కారు వదిలేవాళ్ళు రేపే ఉంటారు. మెట్రో, ఎంఎంటీఎస్, బస్సు మూడింటికీ ఒకే టికెట్టు, ఒకే కార్డు ఇవ్వండి. స్టేషను బయటే బస్సు దొరకాలి.

ఇవి చేసిన తర్వాత, చేసిన తర్వాత మాత్రమే, కారున్నవాళ్ళ దగ్గర డబ్బు అడగండి. వరస తప్పితే ఏమవుతుందో మెక్సికో నగరం చూపించింది. 1989లో నంబరును బట్టి వారానికో రోజు కారు ఆపాలని అక్కడ నియమం పెట్టారు. చాలామంది వేరే నంబరున్న రెండో కారు కొన్నారు. వరస సరిగా పాటించిన నగరం స్టాక్‌హోమ్. 2006 జనవరిలో నగరంలోకి వచ్చే కార్లకు ప్రయోగాత్మకంగా రుసుము పెట్టే ముందు, 2005 ఆగస్టులోనే అదనపు బస్సులు నడపడం మొదలుపెట్టారు. ప్రయోగానికి ముందు జనంలో ఎక్కువమంది వ్యతిరేకులే. రుసుముతో ట్రాఫిక్ ఐదో వంతు తగ్గింది. ఆ ఏడాది సెప్టెంబరు ఓటింగులో నగరవాసుల్లో ఎక్కువమంది దాన్ని సమర్థించారు. లండన్ 2003లో రుసుము పెట్టినప్పుడు కూడా బస్సులు పెంచింది, వచ్చిన డబ్బును రవాణాకే ఖర్చు చేయాలని చట్టంలో రాసుకుంది. సింగపూర్ ఈ పని 1975లోనే చేసింది. అప్పట్లో నలుగురు కలిసి వచ్చిన కారుకు రుసుము ఉండేది కాదు.

మనం అంత దూరం ఇప్పుడే వెళ్ళనక్కర్లేదు. పార్కింగుతో మొదలుపెట్టవచ్చు. ఒక కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చోటు కావాలి. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. నగరంలో అంత గదికి అద్దె కట్టి బతికే కుటుంబాలున్నాయి. అదే చోటు రోడ్డు పక్కన కారుకు ఉచితంగా ఇస్తున్నాం. కూరగాయల బండి పెట్టుకున్న మనిషిని అక్కడి నుంచి తరుముతాం, రాత్రంతా నిలిపిన కారును ఏమీ అనం. ఇది న్యాయం కాదు. జపాన్‌లో 1962 నుంచి, కారు నిలపడానికి సొంత చోటుందని చూపించనిదే చాలా నగరాల్లో కారు రిజిస్టర్ చేయరు. జూబ్లీహిల్స్, మాదాపూర్, అమీర్‌పేట, అబిడ్స్‌లలో రోడ్డు పార్కింగుకు గంటల లెక్కన రుసుము పెట్టండి. ప్రతి రూపాయీ ఆ డివిజన్ ఫుట్‌పాత్‌లకూ బస్సులకూ వెళుతుందని బోర్డు మీద రాయించండి. డబ్బు ఎక్కడికి పోతోందో కనబడితే జనం కడతారు.

ఐటీ కంపెనీలతోనూ మాట్లాడండి. 2015 ఆగస్టులో హైటెక్ సిటీలో గురువారం కారు వదిలి రావాలన్న ప్రయత్నం జరిగింది. అది దేశంలోనే మొదటి ప్రయత్నాల్లో ఒకటి. ఆ ఉత్సాహం నిలవకపోవడానికి కారణం, వదిలి వచ్చినవాళ్ళకు బస్సు దొరకకపోవడమేనని నా అభిప్రాయం. ఈసారి బస్సు ముందు పెట్టి, ఆఫీసు వేళలు గంటన్నర తేడాతో మార్పించి, ఉద్యోగికి ఉచిత పార్కింగు ఇచ్చే కంపెనీ అంతే విలువైన బస్సు, మెట్రో పాస్ కూడా ఇవ్వాలని నిబంధన పెట్టండి. కారున్నవాడికి సెల్లార్‌లో చోటిచ్చి, బస్సులో వచ్చేవాడికి ఏమీ ఇవ్వకపోవడం అన్యాయం.

కారు పూర్తిగా పోవాలని నేను అనడం లేదు. ముసలివాళ్ళకు, రోగులకు, దివ్యాంగులకు, అర్ధరాత్రి షిఫ్టు ముగించుకుని వెళ్ళే మహిళకు, కారు నడిపి పొట్టపోసుకునే డ్రైవరుకు కారు కావాలి. మిగతా కార్లు తగ్గితే వీళ్ళకే ముందు దారి దొరుకుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న అంబులెన్సు ముందుకు కదులుతుంది. కారున్నవాళ్ళకు కూడా ఇది మేలు చేసే పనే.

ముఖ్యమంత్రి గారూ, ఫ్లైఓవర్ ప్రారంభోత్సవానికి రిబ్బను ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. బస్సు లేన్‌కూ ఫుట్‌పాత్‌కూ అవేవీ ఉండవు. అందుకే వాటిని ఇన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. మీరు పట్టించుకోండి. మెహిదీపట్నం–గచ్చిబౌలి దారిలో బస్సు లేన్ ఈ ఏడాదే వేయించండి. ఆరు వేల బస్సులకు గడువు ప్రకటించండి. ఆ బస్సులు వచ్చేదాకా కొత్త ఫ్లైఓవర్‌కు అనుమతి ఇవ్వకండి. ఆ ఒక్క దారిలో బస్సు కారు కన్నా ముందు గచ్చిబౌలి చేరడం మొదలైతే, కారు ఇంట్లో పెట్టి రమ్మని మీరు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. వాళ్ళే వస్తారు.

ఇట్లు,
మీ విధేయుడు,
హైదరాబాద్ నగర పౌరుడు